అప్ప గుండెకు వచ్చిన సున్నా

మా అప్ప నాతో అబద్ధం ఆడిందని తెలిసి ఏడాది దాటింది. కోపం తగ్గిందా అని అడిగేవాళ్ళకి తగ్గలేదనే చెబుతున్నాను. తగ్గించుకోవాలని కూడా లేదు. ఇంకెవరైనా అయితే పోనీలే అనుకునేదాన్నేమో. కానీ అప్ప నన్ను పెంచింది. మా వైపు అక్కని అప్ప అంటాం. అమ్మ పోయేనాటికి నాకు నా జడ నేను వేసుకోవడం రాదు. అప్పటికే అప్పకి పెళ్ళయింది. నన్ను తనతో అత్తారింటికి తీసుకుపోయి, బావ ఏమంటాడో అని కూడా చూడకుండా బళ్ళో వేసింది. ఈరోజు నేను నర్సీపట్నంలో లెక్కల టీచర్నంటే అది ఆమె పెట్టిన తిండి, కట్టిన ఫీజు. దాచుకోవడానికి మా ఇద్దరి మధ్య ఏమీ లేదనుకుంటూ ఇన్నేళ్ళు బతికాను. అలా అనుకున్నది నేనొక్కదాన్నేనట.

అప్ప వాళ్ళది రోలుగుంట దగ్గర పల్లె. జీడితోట ఉంది, తోట పక్కనే గింజలు కాల్చి పప్పు తీసే చిన్న బట్టీ ఉంది. ఆ బట్టీ పొగ వాసన అప్ప చీరలకి, జుట్టుకి, ఆమె పంపే కూర డబ్బాలకి కూడా పట్టుకుని ఉంటుంది. నేనెప్పుడు వెళ్ళినా ముందు ఆ వాసనే వస్తుంది. ఆ వాసన వెనక ఇంకో వాసన ఉండొచ్చని నాకు తోచలేదు.

మా అమ్మ అడ్డపొగ తాగేది. తెలియనివాళ్ళకి చెప్పాలంటే, చుట్ట వెలిగించి నిప్పున్న కొసని నోటి లోపలికి తిప్పుకుని తాగడం. మా వైపు ఊడ్పులకీ కోతలకీ వెళ్ళే పాతకాలపు ఆడవాళ్ళలో చాలామందికి అదే అలవాటు. గాలికి ఆరదు, వానకి తడవదు, రెండు చేతులూ పనిలో ఉండొచ్చు. బయటినుంచి చూస్తే పెదాల మధ్య చిన్న చుట్ట ముక్క తప్ప ఏమీ కనిపించదు. ఆ నిప్పు సెగకే అమ్మ అంగిట్లో పుండు లేచింది. చివరి రోజుల్లో గంజి కూడా దిగలేదు. నోరు తెరిచి చూపించి, ఇది చూసైనా మీరు ముట్టకండే అని సైగ చేసేది. అప్పటికే అప్పకి అలవాటైపోయింది. అమ్మని సమాధి చేసి వచ్చిన సాయంత్రం అప్ప నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని నా నెత్తి మీద చెయ్యి పెట్టింది.

"నీ మీదొట్టే సెల్లీ. ఇంక ముట్టను."

ఒట్టు పెట్టుకోకూడదని మా చర్చి సంఘంలో చెబుతారు. అయినా మా ఇళ్ళల్లో నెత్తి మీద చెయ్యి పెట్టి వేసిన ఒట్టుకి ఉన్న విలువ దేనికీ లేదు. తప్పితే ఆ నెత్తి ఎవరిదో వాళ్ళకే చేటు అని భయం. ఆ తర్వాత అప్ప స్త్రీల సమాజంలో నిలబడి చుట్ట మానేశానని సాక్ష్యం కూడా చెప్పింది. సాక్ష్యం అంటే అందరి ముందూ లేచి, దేవుడు నా జీవితంలో చేసిన మేలు ఇదీ అని చెప్పడం. ఒకసారి సాక్ష్యం చెప్పిన మనిషిని మళ్ళీ ఎవరూ అడగరు. అడగడం మర్యాద కాదు. కొన్నాళ్ళకి ఆమెనే సమాజానికి పెద్దని చేశారు.

ఇక గుండె సంగతి. ఒకసారి రక్తపరీక్షలో అప్పకి కొలెస్ట్రాల్ ఎక్కువుందని తేలింది. నర్సీపట్నంలో మేం చూపించుకునే డాక్టరుగారు రోజూ వేసుకోమని మాత్ర రాశారు. అప్ప కొన్నాళ్ళు వేసుకుని, పిక్కలు లాగేస్తున్నాయని గొడవ మొదలుపెట్టింది. మాత్ర కారణమో, పొద్దస్తమానం బట్టీ ముందు కూర్చోవడం కారణమో ఎవరికీ తెలియదు. మాత్ర ఆపించమని నా చెవిలో జోరీగలాగా ఒకటే పోరు. మళ్ళీ ఆయన దగ్గరికే తీసుకొచ్చాను.

మేం ఆసుపత్రికి ఎలా వెళ్తామో ఇక్కడ చెప్పాలి. ఒక మనిషికి ఒంట్లో బాగులేకపోతే ఆ మనిషితో ముగ్గురు నలుగురం బయల్దేరతాం. బయట కూర్చోం, డాక్టరు గదిలోకే వెళ్తాం. రోగి స్టూలు మీద, మిగతావాళ్ళం వెనక గోడకానుకుని. ఎవరినైనా బయటే ఉంచితే, నేను పరాయిదాన్నా అని ఏడాది పాటు ముఖం ముడుచుకుంటారు. ఆరోజు అప్పతో నేను, బావ, మా పాస్టరమ్మగారు ఉన్నాం. పాస్టరమ్మగారు ఎవరికి బాగులేకపోయినా ప్రార్థన చేయడానికి వెంట వస్తారు.

డాక్టరుగారు ఓపిక ఉన్న మనిషి. గుండె రక్తనాళాల్లో క్యాల్షియం ఎంత పేరుకుందో సీటీ స్కాన్ తీసి కొలవొచ్చని చెప్పారు. వైజాగ్ వెళ్ళాలి. ఇంజెక్షన్ ఉండదు, బేగి అయిపోతుంది, ఒక అంకె వస్తుంది. ఆ అంకె సున్నా అయితే, మిగతా ప్రమాదాలేవీ లేకపోతే, మాత్ర ప్రస్తుతానికి ఆపి చూడొచ్చన్నారు.

"మిగతా ప్రమాదాలంటే?" అన్నాను.

"షుగర్. వాళ్ళింట్లో చిన్నవయసులో ఎవరికైనా గుండెపోటు రావడం. పొగ. ముఖ్యంగా పొగ. పొగ తాగేవాళ్ళకి సున్నా వచ్చినా నేను మాత్ర ఆపను." ఆయన అప్పవైపు తిరిగారు. "సిగరెట్ గానీ, బీడీ గానీ, చుట్ట గానీ ఏదైనా ఉందా అమ్మా? అడ్డపొగ?"

ఆయన ఈ ప్రాంతం మనిషే. మరచిపోకుండా అన్నీ పేరు పెట్టి అడిగారు.

"నేదండీ. ఎప్పుడో సిన్నప్పుడు. మానేసి శానా ఏళ్ళైపోనాది," అంది అప్ప. అని వెనక్కి తిరిగి నా ముఖం చూసింది. నేను గర్వంగా తల ఊపాను. బావ సీలింగ్ ఫ్యాను చూస్తున్నాడు. అప్పుడది నాకు పట్టలేదు.

వైజాగ్‌లో స్కానింగ్ సెంటరుకి పెందలాడే చేరాం. కాఫీ, టీ తాగకూడదనీ, పొగ తాగకూడదనీ ముందే చెప్పారు. గుండె నెమ్మదిగా కొట్టుకుంటేనే బొమ్మ స్థిరంగా వస్తుందట. టోకెన్ తీసుకుని కూర్చున్నాక అప్ప, కారు వాసనకి కడుపులో తిప్పుతోందనీ, అలా నడిచి వస్తాననీ లేచింది. బావ తోడు వెళ్ళాడు. నేనూ వస్తానంటే, "నువ్వు టోకెన్ సూసుకోవే, పిలిస్తే ఎవుళు పలుకుతారు?" అంది. తిరిగొచ్చేసరికి బుగ్గలో లవంగం ఉంది. కడుపు తిప్పితే లవంగం మంచిదే అనుకున్నాను.

లోపల ఛాతీకి వైర్లు అంటించి, ఊపిరి బిగబట్టమని తీశారు. టెక్నీషియన్ బయటికొచ్చి, గుండె మరీ దడదడ కొట్టుకుంటోందనీ, బొమ్మ కదిలి చెదిరిపోయిందనీ చెప్పాడు. చెదిరిన బొమ్మలో ఒకచోట చిన్న తెల్ల మచ్చ ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది, దాన్ని నమ్మలేమన్నాడు. కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ తీస్తామన్నాడు. పాస్టరమ్మగారు అప్ప చేతులు పట్టుకుని ప్రార్థన చేశారు. దడ తగ్గింది. రెండోసారి బొమ్మ శుభ్రంగా వచ్చింది. అంకె సున్నా.

ఒకే మనిషి, ఒకే మిషను, ఒకే పొద్దు, రెండు జవాబులు. నా క్లాసులో ఎవడైనా అలా తెస్తే చెయ్యి పట్టుకుని మొదటినుంచీ లెక్క చేయిస్తాను. ఆరోజూ అడిగాను. స్కాన్ చూసిన డాక్టరమ్మ చాలా మర్యాదగా చెప్పింది. ఒక స్థాయికి మించి తెల్లగా, కొంచెమైనా పరిమాణం ఉన్న మచ్చనే మిషను లెక్కలోకి తీసుకుంటుందట. గుండె కదిలితే చిన్న మచ్చ అలికినట్టయి పెద్దది కావచ్చు, మాయం కూడా కావచ్చు. చిన్న అంకెల దగ్గర ఇలాంటి తేడా మామూలేనట. స్థిరంగా వచ్చిన బొమ్మనే నమ్మాలి, అందులో ఏమీ కనబడలేదు, అంది. నాకు సమంజసంగానే తోచింది. ఇప్పటికీ ఆమె మీద నాకు కోపం లేదు. ఆమె తనకి కనబడిందే చెప్పింది.

నర్సీపట్నం డాక్టరుగారు రిపోర్టు చూసి, పొగ సంగతి ఇంకోసారి అడిగారు. మళ్ళీ మేం నలుగురమూ గదిలో ఉన్నాం. అప్ప మళ్ళీ నేదండీ అంది. మాత్ర ఆపేశారు. ఆ ఆదివారం అప్ప సమాజంలో లేచి నిలబడి, దేవుడు నా గుండెకి సున్నా ఇచ్చాడని సాక్ష్యం చెప్పింది. ఆడవాళ్ళంతా హల్లెలూయ అన్నారు. నేను మొదటి వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను. ఆ కన్నీళ్ళు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

జీడిగింజల కాలం వచ్చింది. బట్టీకి క్షణం తీరిక లేదు. ఒక ఉదయం అప్పకి దవడ లాగి, చెమటలు పట్టి, ఎడమ చెయ్యి బరువెక్కింది. బట్టీలో పనిచేసే ఆడవాళ్ళు ఆసుపత్రికి పోదామంటే, "నా గుండి సున్నా కదే, ఇది గ్యాసు" అని సోడా తెప్పించుకుని తాగిందట. సోడా పనిచేయలేదు. జీలకర్ర నమిలింది. అదీ పనిచేయలేదు. చివరికి కూర్చున్నచోటే ఒరిగిపోతే ఆటోలో వేసుకుని నర్సీపట్నం తెచ్చారు. నేను బడినుంచి పరుగెత్తాను. ఈసీజీ తీసి, ఇంజెక్షన్ ఇచ్చి, అంబులెన్స్‌లో వైజాగ్ పంపారు. దారిలో వాంతి చేసుకుంటే నేనే ఎత్తాను. దారి పొడుగునా అప్ప చెయ్యి నా చేతిలో చల్లగా ఉంది. అనకాపల్లి దాటుతుండగా, "సెల్లీ, నానుండనేమో" అంది. నోర్ముయ్యి అన్నాను. భయంతో అన్నాను.

అక్కడ బేగి లోపలికి తీసుకుపోయి, మూసుకున్న రక్తనాళం తెరిచి స్టెంట్ వేశారు. బతుకుతుందన్నాక నాకు నోరు లేచింది. గుండె డాక్టరు బయటికి రాగానే రిపోర్టు ఆయన ముఖం ముందు పెట్టాను.

"ఇది మీ ఊరి స్కానే సార్. సున్నా అన్నారు. సున్నా అంటే ఏంటండీ మీ లెక్కలో? దీన్ని నమ్మి మాత్ర ఆపాం. దీన్ని నమ్మి ఆవిడ సోడా తాగుతూ కూర్చుంది."

ఆయన రిపోర్టు తీసుకుని చదివారు. కోప్పడలేదు.

"స్కాన్ తప్పు కాదమ్మా. అది గట్టిపడిన క్యాల్షియాన్నే కొలుస్తుంది. మెత్తటి కొవ్వు గడ్డలు దానికి కనబడవు. మామూలు మనుషులకి సున్నా వస్తే నిజంగానే చాలావరకు ధైర్యంగా ఉండొచ్చు. కానీ పొగ తాగేవాళ్ళలో ఆ మెత్తటి గడ్డ చిట్లి, రక్తం ఇట్టే గడ్డకట్టేస్తుంది. అందుకే వాళ్ళ సున్నాని మేం నమ్మం."

"మా అప్ప పొగ తాగదండీ."

ఆయన రిపోర్టు నా చేతికి తిరిగిచ్చారు. "లోపల వాంతి చేసుకుంటుంటే నోరు శుభ్రం చేశాం. అంగిలి తెల్లగా దళసరి కట్టి ఉంది, మధ్యలో ఎర్రటి చుక్కలు. అడ్డపొగ తాగేవాళ్ళకి తప్ప ఇంకెవరికీ అలా ఉండదు."

"అది పాతది సార్. మానేసి చాలా ఏళ్ళయింది."

"మానేస్తే అది మెల్లగా తగ్గుతుందమ్మా. పైగా కొత్తగా కాలిన మచ్చ కూడా ఉంది. ఈ వారంలోదే. ఇంక తాగితే ఈ స్టెంట్ కూడా మూసుకుపోతుంది. రెండోసారి ఇంత సమయం దొరక్కపోవచ్చు. ఆమె ఒప్పుకుంటే మానడానికి మందులున్నాయి, సాయం ఉంది. ఒప్పుకోకపోతే నేనేం చెయ్యగలను?"

నాకు ముందు అమ్మ నోరు గుర్తొచ్చింది. ఆ తర్వాత నా నెత్తి మీద పెట్టిన చెయ్యి గుర్తొచ్చింది.

బావ వరండాలో నిలబడి ఉన్నాడు. నా ముఖం చూడగానే అతనికి అర్థమైంది. అడక్కముందే తల దించుకున్నాడు.

"నీకు తెలుసా బావా?"

"తెలకుండా ఎలాగుంటాదమ్మా? సంతలో కొని తెచ్చేది నానే."

"ఎప్పుడు మొదలెట్టింది?"

"మానేస్తే కదా మొదలెట్టడానికి? ఓ ఆర్నెల్లు మానింది. మరింక దానివల్ల అవ్వనేదు. సెయ్యి ఆడదు, ముద్ద దిగదు. ఏటి సెయ్యమంటావు?"

"ఆరోజు స్కానింగ్ దగ్గర నడిచొస్తానని వెళ్ళింది..."

"అందుకే. బయ్యమేసి ఉండబట్టనేకపోనాది."

"బట్టీలో వాళ్ళకి తెలుసా?"

"అందరికీ తెలుసు. నీకు మాత్రం సెప్పొద్దంది. నీకు తెలిస్తే సచ్చిపోతానంది."

డాక్టరు ముందు అబద్ధమాడితే నిజంగానే చచ్చిపోతుందని ఈ మనిషికి తట్టలేదా? అదే అడిగాను, అరిచే అడిగాను. నర్సు వచ్చి మందలించింది. పాస్టరమ్మగారు నా భుజం మీద చెయ్యి వేసి, "నాకూ అనుమానంగానే ఉండేదమ్మా. దేవుడికి అప్పగించి ప్రార్థన చేసుకుంటూ వచ్చాను" అన్నారు. ఆ చెయ్యి తీసేశాను. అనుమానం ఉన్న మనిషి డాక్టరు గదిలో నా పక్కనే గోడకానుకుని నిలబడ్డారు. ఒక్క మాట అని ఉంటే మాత్ర ఆగేది కాదు. అందరూ నన్ను వెర్రిదాన్ని చేశారు. మా ఊరి ఆటోవాడికి తెలిసిన సంగతి నాకు తెలియదు.

అప్ప ఇంటికొచ్చింది. నేను చాలా రోజులు వెళ్ళలేదు. వెళ్ళినరోజు మంచం పక్కన కూర్చుని, మెత్తగానే అడిగాను. "అప్పా, నాకు తెలుసు. ఇప్పుడైనా చెప్పు. మానేశావా?"

"ఏటి మానేది?" అంది నా కళ్ళల్లోకి చూస్తూ.

"చుట్ట."

"అదెప్పుడో మానేసినాను కదే. ఆ డాకటరు బాబుకేటి తెలుసు? కారం తిని నోరు మండుతుంటే సూసుంటాడు."

గుండెలో స్టెంట్ పెట్టుకుని, పక్కనే బావ నిలబడి ఉండగా అంది ఆ మాట. మొదటి అబద్ధం భయంతో ఆడిందని సర్దుకోవడానికి నేను సిద్ధపడే వెళ్ళాను. ఈ రెండోదానికి నా దగ్గర మందు లేదు. తలగడ కింద చెయ్యి పెడితే దొరుకుతుందని తెలుసు. పెట్టలేదు. లేచి వచ్చేశాను.

మళ్ళీ నర్సీపట్నం డాక్టరుగారి దగ్గరికి చూపించడానికి తీసుకెళ్ళాల్సిన రోజు వచ్చింది. కోపంగా ఉన్నా నేనే తీసుకెళ్ళాను, ఇంకెవరు తీసుకెళ్తారు? మామూలుగానే అందరం బయల్దేరాం. ఆయన వైజాగ్ కాగితాలన్నీ చదివి, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"అమ్మా, మళ్ళీ అడుగుతున్నాను. పొగ తాగుతున్నారా?"

"నేదండీ."

ఎవరి ప్రాణం గురించి మాట్లాడుతున్నామో ఆమే అబద్ధమాడుతోంది, తెలిసినవాళ్ళంతా గోడకానుకుని వింటున్నారు. నాకు ఉండబట్టలేదు. బావనీ పాస్టరమ్మగారినీ బయటికి వెళ్ళమన్నాను. పాస్టరమ్మగారి ముఖం చిన్నబోయింది. చిన్నబోతే చిన్నబోనీ అనుకున్నాను. వాళ్ళు వెళ్ళాక తలుపు దగ్గరగా వేసి వచ్చి అప్ప పక్కనే నిలబడ్డాను.

"ఇప్పుడెవరూ లేరు అప్పా. సమాజం లేదు, బావ లేడు. చెప్పు."

అప్ప తల వంచుకుని చీర కొంగు వేళ్ళకి చుట్టుకుంటోంది. చాలాసేపు చుట్టింది. డాక్టరుగారు తొందరపెట్టలేదు.

"సెల్లీ," అంది చివరికి, తలెత్తకుండానే. "నువ్వూ ఎల్లు."

"నేనా?"

"ఎల్లవే. నువ్వుంటే నా నోట్లోంచి రాదు."

నన్ను. ఈ చేతులతో ఆమె వాంతి ఎత్తాను. ఆమె చెయ్యి పట్టుకుని అంబులెన్స్‌లో వైజాగ్ దాకా కూర్చున్నాను. ఆ మాటలన్నీ నోటి దాకా వచ్చాయి. డాక్టరుగారు నావైపు చూసి మెల్లగా తల ఊపారు. వెళ్ళకపోతే ఆమె చెప్పదు, చెప్పకపోతే బతకదు. ఆ లెక్క చేయడానికి టీచర్ కానక్కర్లేదు. బయటికొచ్చి తలుపు వేశాను.

బెంచీ మీద బావ పక్కకి జరిగి చోటిచ్చాడు. కూర్చున్నాను. కొంతసేపు లోపల్నుంచి ఏమీ వినబడలేదు. ఆ తర్వాత అప్ప గొంతు మొదలైంది. మాటలు తెలియడం లేదు. గొంతు మాత్రం తెలుస్తోంది, ఎక్కడా ఆగకుండా, మధ్యలో ఏడుస్తూ, మళ్ళీ అందుకుంటూ.

"సెప్తన్నాదా?" అన్నాడు బావ.

"చెబుతోంది."

"అమ్మయ్య," అని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

నాకు అమ్మయ్య అనిపించలేదు. లోపలున్న ఆయన మాకు చుట్టం కాదు. ఆయన్ని అప్ప పట్టుమని పదిసార్లు కూడా చూసి ఉండదు. ఆయనకి అంతా చెబుతోంది. ఆమె బతకాలని మనసులో ప్రార్థన చేసుకుంటూనే, ఆ డాక్టరుని తలుచుకుని ఆ బెంచీ మీద కుళ్ళి కుళ్ళి ఏడ్చాను.